ఒకే మనిషి, నాలుగు పేర్లు: సరిహద్దు జిల్లా నర్సు బ్రిటన్ రిజిస్ట్రేషన్ కేసు

నేపథ్యం

ఈ కేసు రాయడానికి ఆ నర్సు అనుమతి తీసుకున్నాను. ఆమె పేరు, ఊరు, చదివిన స్కూలు, పనిచేసిన ఆసుపత్రులు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. ఇక్కడ ఆమెను జ్యోతి అని పిలుస్తాను. అది అసలు పేరు కాదు. అయితే ఆమె కాగితాల్లో పేరు ఏ తీరుగా మారుతూ వచ్చిందో, ఆ తీరు మాత్రం ఈ మారు పేరులోనూ చెడకుండా చూశాను. ఈ కేసులో నేర్చుకోవలసింది ఆ తీరులోనే ఉంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) విద్యార్థులకు పాఠాలు చెప్పాను. ఉద్యోగ విరమణ తరువాత ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లోని తెలుగు నర్సులకు విదేశీ రిజిస్ట్రేషన్ దరఖాస్తుల విషయంలో సాయపడుతున్నాను. పర్లాకిమిడి ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. పక్కనున్న పాతపట్నం ఆంధ్రలో ఉంది. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఒడియా బడిలో చదవడం, కాలేజీకి శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లడం, ఉద్యోగానికి గంజాం జిల్లాలోని బ్రహ్మపురం రావడం, పెళ్లి మళ్లీ ఆంధ్ర వైపు కుదరడం మామూలే. నిత్యజీవితంలో ఇబ్బంది పెట్టని ఈ రాకపోకలు, దరఖాస్తు మరో దేశపు నర్సింగ్ కౌన్సిల్ ముందుకు వెళ్లేసరికి, ఒక్కో మజిలీలో ఒక్కో పేరుగా తేలతాయి.

జ్యోతి ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఒడియా మాధ్యమంలో మెట్రిక్ (పదో తరగతి) చదివింది. 2010లో ఆంధ్రలో జీఎన్ఎంలో చేరి, అప్పటి మూడున్నరేళ్ల కోర్సు పూర్తిచేసి, రాష్ట్ర విభజనకు కొద్ది నెలల ముందు హైదరాబాదులోని అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయింది. ఆ తరువాత పెళ్లి, ఒక పాప, బ్రహ్మపురంలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో అయిదేళ్ల ఉద్యోగం. 2022 వేసవిలో ఆమె భర్తతో కలిసి నా దగ్గరకు వచ్చింది.

వచ్చిన సమస్య

అప్పటికే ఒక ఏజెంటు బ్రిటన్ పంపిస్తానని మూడున్నర లక్షలకు మాట్లాడుకుని, అరవై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. బ్రిటన్‌లోని నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆమె పేరు మీద ఖాతా తెరిచాడు గాని, అందులో పెట్టిన ఈమెయిలూ పాస్‌వర్డూ అతనివే. ఏ ఉత్తరం వచ్చినా ముందు అతనికే తెలిసేది. నేను తీసుకున్న మొదటి నిర్ణయం ఆ ఖాతాను ఆమె చేతికి తెప్పించడం. కాగితాల సంగతి చూసే ముందే దీనికి పూనుకోవడానికి కారణం ఉంది: వృత్తి రిజిస్ట్రేషన్ దరఖాస్తులో సంతకం నర్సుది, ప్రకటన నర్సుది, అందులో అబద్ధం దొర్లితే శిక్ష పడేది కూడా నర్సుకే. బ్రిటన్ ప్రభుత్వ నియామక నియమావళి ప్రకారం నియామక ఏజెన్సీలు అభ్యర్థుల నుంచి రుసుము వసూలు చేయకూడదన్న మాట ఏజెంటుకు గుర్తు చేశాక ఖాతా వివరాలు వచ్చాయి. అడ్వాన్సులో సగమే తిరిగి వచ్చింది.

నాకు తెలిసిన బ్రిటన్ కౌన్సిల్ రుసుములను ఆ రోజే కాగితం మీద రాసి చూపించాను. అర్హతల పరిశీలనకు 140 పౌండ్లు, కంప్యూటర్ పరీక్షకు 83, అక్కడికి వెళ్లాక రాసే ప్రాక్టికల్ పరీక్షకు 794, చివర్లో రిజిస్ట్రేషన్‌కు 153. మొత్తం 1,170 పౌండ్లు, అంటే అప్పటి లెక్కలో లక్షా పన్నెండు వేల రూపాయలకు అటూ ఇటూ. ఇందులో పెద్ద భాగమైన ప్రాక్టికల్ పరీక్ష రుసుమును చాలాసార్లు అక్కడి ఆసుపత్రే భరిస్తుంది. ఇంగ్లీషు పరీక్ష, వీసా, ప్రయాణం ఖర్చులు వేరు. జ్యోతి భర్త ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తరువాత కాగితాలన్నీ బల్ల మీద పరిచాం. ఒడిశా బోర్డు మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఆమె పేరు జ్యోతి పాత్రో. ఒడిశా బడుల్లో కులాన్నో బిరుదునో సూచించే మాటను పేరు చివర రాయడం అలవాటు కాబట్టి, మాస్టారు ఇంటిపేరును అడగలేదు. జీఎన్ఎం మార్కుల మెమోల్లో, డిప్లొమాలో గేదెల జ్యోతి. ఆంధ్ర పద్ధతిలో ఇంటిపేరు ముందుకు వచ్చింది, పాత్రో పోయింది. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో జి. జ్యోతి. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. పెళ్లి తరువాత తీసిన పాస్‌పోర్టులో, ఆధార్‌లో జ్యోతి పక్కన భర్త ఇంటిపేరు. ఇంగ్లీషు అక్షరక్రమం మరో చిక్కు. ఆంధ్రలో జ్యోతి అని రాసేటప్పుడు టీ తరువాత హెచ్ వేస్తారు, ఒడిశాలో వేయరు. అందువల్ల మెట్రిక్‌లో, పాస్‌పోర్టులో హెచ్ లేదు, నర్సింగ్ కాగితాల్లో ఉంది. నాలుగు కాగితాలను పక్కపక్కన పెడితే పుట్టిన తేదీ, తండ్రి పేరులోని రామారావు తప్ప మరేదీ అక్షరాలా కలవలేదు.

"నేనేమీ అబద్ధం చెప్పలేదు కదా మేడమ్, ఈ పేర్లన్నీ నావే కదా" అంది జ్యోతి. ఆమె మాటలో తప్పు లేదు. కాని విదేశీ కౌన్సిల్ అడిగేది ఆమె నిజాయితీ గురించి కాదని అర్థమయ్యేలా చెప్పడానికి వార్డు ఉదాహరణే తీసుకున్నాను. రోగి "నేనే ఫలానా" అని చెప్పినా, చేతి పట్టీ మీది పేరును, పుట్టిన తేదీని మందుల చార్టుతో సరిపోల్చకుండా మనం ఇంజెక్షన్ ఇవ్వం. రోగిని అనుమానించి చేసే పని కాదది. ఒకరి మందు మరొకరికి పోకుండా ఉండాలంటే మరో దారి లేదు. ఇంకో దేశపు కౌన్సిల్ కూడా అంతే. కాగితం ఎక్కడ పుట్టిందో అక్కడి నుంచే నేరుగా తెప్పించుకుని సరిపోల్చుకుంటుంది. అభ్యర్థి చేతి మీదుగా వచ్చిన నకలును అది నమ్మదు.

పేర్ల చిక్కు ఒక్కటే అయితే ఈ కేసు ఇంత పొడవు ఉండేది కాదు. ఆమె రిజిస్ట్రేషన్ రెన్యువల్ గడువు దాటి మూడేళ్లయింది. బ్రహ్మపురంలో పనిచేసిన అయిదేళ్లూ ఒడిశా కౌన్సిల్‌లో రిజిస్టర్ కాలేదు. ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన నర్సు మరో రాష్ట్రంలో పనిచేయాలంటే మొదటి కౌన్సిల్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని రెండో కౌన్సిల్‌లో నమోదు కావాలి. నర్సింగ్ హోం వాళ్లు అడగలేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా సరిహద్దులో ఇలాంటి వారిని నేను చాలామందిని చూశాను.

ఏ దేశమన్న నిర్ణయం

ఏజెంటు బ్రిటన్ అన్నాడు గనుక బ్రిటనే అని మేము ఊరుకోలేదు. జీఎన్ఎం అర్హతతో, ఈ కాగితాలతో ఏ దారి సుగమమో మళ్లీ మొదటి నుంచి చూశాం. ఆస్ట్రేలియాలో రిజిస్టర్డ్ నర్సుకు డిగ్రీ స్థాయి చదువు కావాలి. జీఎన్ఎం డిప్లొమాతో ఆ దారి ఇరుకు. గల్ఫ్ దేశాల్లో డేటాఫ్లో అనే మూల పరిశీలన పద్ధతి ఉంది, అందులో పని అనుభవాన్ని కూడా యజమాని దగ్గరే నిర్ధారించుకుంటారు. బ్రహ్మపురం అయిదేళ్లు అక్కడ బయటపడి నిలదీసే ప్రశ్నలవుతాయి. అమెరికాలో ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్సు పరీక్షకు ముందు చాలా రాష్ట్రాలు చదువు మదింపు నివేదిక అడుగుతాయి, దానికోసం నర్సింగ్ స్కూలు కాగితాలతో పాటు సెకండరీ స్కూలు చదువు ఆధారం కూడా చూపాలి. అంటే జ్యోతి పాత్రో అన్న పేరు కూడా లెక్కలోకి వస్తుంది. దానికి తోడు భారతీయులకు అక్కడి వీసా క్యూ ఏళ్ల తరబడి సాగుతోంది.

బ్రిటన్ కౌన్సిల్ మెట్రిక్ సర్టిఫికెట్ అడగదు. దానికి కావలసినవి నర్సింగ్ అర్హత, శిక్షణ పొందిన చోట రిజిస్ట్రేషన్, గుర్తింపు కాగితం, ఇంగ్లీషు, ఆరోగ్యం, నడవడి. రిజిస్ట్రేషన్ తరువాత ఇన్ని నెలలు పనిచేసి ఉండాలన్న షరతు కూడా లేదు. నాలుగు పేర్లలో ఒకటి లెక్క నుంచి తప్పుకుంటుంది, అయిదేళ్ల అనుభవాన్ని చూపక తప్పని స్థితీ ఉండదు. ఈ రెండు కారణాల వల్లే బ్రిటన్‌కు ఒప్పుకున్నాను.

ఇక్కడ ఒక చిన్న ప్రస్తావన అవసరం. బ్రిటన్ నియామక నియమావళి చాలాకాలం భారతదేశంలో ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల నుంచి నర్సులను చొరవగా నియమించుకోవద్దని చెప్పేది. 2021లో అది ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాను ఆధారం చేసుకుంది, ఆ జాబితాలో భారత్ లేదు. కేరళ నర్సుకు ఇంట్లోనో పక్కింట్లోనో దారి తెలిసిన పెద్దలు ఉంటారు. మాకు రెండు వైపులా పాత నియమావళి వద్దన్న రాష్ట్రాలే. ఈ ప్రాంతంలో అనుభవం ఉన్నవారు తక్కువై, ఏజెంటు మాటే వేదం కావడానికి ఇది కూడా ఒక కారణమని నేననుకుంటాను.

చేసినవి, ఫలించనివి

మొదటి పొరపాటు నాదే. కాగితాలు ఎలాగూ ఆలస్యమవుతాయి, ఈలోగా ఇంగ్లీషు పరీక్ష ముగించేయమని చెప్పాను. ఆ పరీక్ష ఫలితం రెండేళ్లే చెల్లుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా, కాగితాలు ఎనిమిది తొమ్మిది నెలల్లో అయిపోతాయని అంచనా వేసుకున్నాను. అవి ఏడాదిన్నర దాటాయి.

ఐఈఎల్‌టీఎస్ (సాధారణ ఇంగ్లీషు పరీక్ష) కాకుండా, వైద్యసిబ్బంది కోసం పెట్టిన ఓఈటీ ఇంగ్లీషు పరీక్ష రాయించాలన్న నిర్ణయం మాత్రం సరైనదే. ఓఈటీ రుసుము చాలా ఎక్కువ, జ్యోతి భర్త మొదట అడ్డం చెప్పాడు. కాని ఐఈఎల్‌టీఎస్ రాత పరీక్షలో లోకరీతుల మీద వ్యాసం రాయాలి. ఓఈటీలో నర్సు రాసేది కేస్ నోట్సు చూసి మరో వైద్యసిబ్బందికి ఉత్తరం. మాట్లాడే భాగంలో రోగితోనో బంధువుతోనో సంభాషణ ఉంటుంది. ఒడియా బడిలో చదివిన అమ్మాయికి ఇంగ్లీషు వ్యాసం కొత్త, డిశ్చార్జి సమ్మరీ మాత్రం రోజూ చూసేది. 2022 ఆగస్టులో వినడం, మాట్లాడటం భాగాల్లో బీ గ్రేడు, చదవడం, రాయడంలో సీ ప్లస్ వచ్చాయి. బ్రిటన్‌కు రాయడంలో సీ ప్లస్ చాలు, చదవడంతో సహా మిగతా మూడింటిలో బీ కావాలి. 2023 ఏప్రిల్‌లో మళ్లీ రాస్తే చదవడంలో బీ వచ్చి, మాట్లాడటంలో సీ ప్లస్‌కు తగ్గింది. రెండుసార్లు వచ్చిన ఫలితాలను కలిపి చూపడానికి అంతకుముందు ఆరు నెలల వ్యవధే ఉండేది. 2023 ఫిబ్రవరిలో దాన్ని పన్నెండు నెలలకు పెంచారు. ఆ మార్పు రాకపోతే ఎనిమిది నెలల ఎడంతో రాసిన ఈ రెండు ఫలితాలూ కలిసేవి కావు. అది మా ప్రణాళిక గొప్పదనం కాదు, కాలం కలిసిరావడం మాత్రమే. కలిపిన ఫలితంలో పాతది 2022 ఆగస్టుది కాబట్టి, గడువు 2024 ఆగస్టుతో ముగుస్తుంది. ఆ తేదీ ఆనాటి నుంచి మా నెత్తిన కత్తిలా వేలాడింది.

కాగితాల విషయంలో మొదట ప్రయత్నించింది నోటరీ అఫిడవిట్. ఏజెంటు చేయించినదే అది. ఈ నాలుగు పేర్లూ ఒకే మనిషివని జ్యోతి ప్రమాణం చేసింది. దాన్ని దరఖాస్తుకు జోడించి, ఆమె రిజిస్టర్ అయిన కౌన్సిల్ నుంచి బ్రిటన్‌కు నిర్ధారణ పంపమని కోరాం. మొదటి వినతి ఏజెంటు పాత సర్టిఫికెట్ మీది హైదరాబాదు చిరునామాకు పంపాడు, అది తిరిగి వచ్చింది. 2014 జూన్ 2 తరువాత రెండు రాష్ట్రాలకు రెండు కౌన్సిళ్లు ఏర్పడ్డాయని, ఆమెది ఆంధ్రప్రదేశ్ కౌన్సిలని అతను చూసుకోలేదు. రెండోసారి సరైన చోటికి పంపాక నిర్ధారణ వెళ్లింది. అందులో ఉన్నది జి. జ్యోతి అనే పేరు, గడువు తీరిన రిజిస్ట్రేషన్. ఆ పేరు పాస్‌పోర్టుతో కలవడం లేదని, రిజిస్ట్రేషన్ ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్నట్టు కనిపించడం లేదని బ్రిటన్ నుంచి జవాబు వచ్చింది.

అఫిడవిట్ ఎందుకు పనిచేయలేదో నేను అప్పుడు కూర్చుని ఆలోచించాను. అఫిడవిట్ అభ్యర్థి సొంత మాట, ముద్ర వేయించుకున్న సొంత మాట. సరిపోల్చేవారు అడుగుతున్నది మరొకరి మాట. జ్యోతిని చదివించినవారు, జ్యోతిని రిజిస్టర్ చేసినవారు తమ పుస్తకాల్లో ఏముందో చెప్పాలి. రిజిస్టరులో జి. జ్యోతి అని ఉన్నంతకాలం ఆ కార్యాలయం వేరే పేరు రాసి పంపలేదు, పంపకూడదు కూడా.

నేను ఈ ఆలోచనలో ఉండగానే, 2022 చివర్లో ఆ దంపతులు ఎవరో చెప్పగా కటక్‌లో అచ్చయ్యే ఒడిశా గెజిట్‌లో పేరు మార్పు ప్రకటన వేయించుకుని వచ్చారు. అంతా అయిపోయిందన్న సంతోషంతో వచ్చారు, నాకు మాట పెగలలేదు. ఆ ప్రకటనలో జ్యోతి పాత్రో ఇకపై పాస్‌పోర్టులోని పేరుతో వ్యవహరిస్తుందని ఉంది. గేదెల జ్యోతి అన్న మాట అందులో ఎక్కడా లేదు. అంటే బ్రిటన్‌కు అక్కరలేని మెట్రిక్ పేరును పాస్‌పోర్టుతో కలిపి, అక్కరకు వచ్చే నర్సింగ్ పేరును బయట వదిలేసింది. పైగా గెజిట్ ఆ తేదీ నుంచి ముందుకే మాట్లాడుతుంది, పాత రిజిస్టరులోని అక్షరాన్ని అది మార్చదు. ఆ కాగితాన్ని దరఖాస్తులో పెట్టవద్దని చెప్పాను. పెడితే బ్రిటన్ కౌన్సిల్ ఇంతవరకు వినని అయిదో కథ ఒకటి మొదలవుతుంది.

బ్రహ్మపురం అయిదేళ్లను ఏం చేయాలన్నది అన్నిటికంటే కష్టమైన చర్చ. ఏజెంటు సలహా సులువుగా ఉంది: ఆ ఏళ్లకు శ్రీకాకుళం జిల్లాలోని ఒక క్లినిక్ నుంచి అనుభవ పత్రం "చేయిస్తాడు". జ్యోతి అటే మొగ్గింది, ఆమెను నేను తప్పుపట్టను. పనిచేసింది నిజం, చోటు మాత్రమే మారుతుంది అని ఆమె తనకు తాను చెప్పుకుంది. నేను ఒప్పుకోలేదు. 2023లో నైజీరియాలోని ఇబాదన్ నగరంలో ఒక పరీక్షా కేంద్రం ఫలితాల్లో అసాధారణ ధోరణి కనబడటంతో, అక్కడ పరీక్ష రాసిన వందలమంది నర్సులను బ్రిటన్ కౌన్సిల్ ప్రశ్నించింది. వారిలో కొందరు అప్పటికే అక్కడ పనిలో ఉన్నవారు. మోసంతో రిజిస్టరులో చేరినట్టు తేలితే ఎన్నేళ్ల తరువాతైనా పేరు తొలగిస్తారు. అనుభవం అవసరమే లేని దరఖాస్తుకు అబద్ధపు అనుభవం జోడించడం, అక్కరలేని చోట ప్రాణం పణంగా పెట్టడమే.

పనిచేసిన దారి

రెండు పనులు సమాంతరంగా మొదలుపెట్టాం. మొదటిది, జ్యోతి బ్రహ్మపురం ఉద్యోగం మానేసి, ఆమె రిజిస్టర్ అయిన ఆంధ్ర వైపు, ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగిన దూరంలో ఒక ఆసుపత్రిలో చేరింది. జీతం మూడు వేలు తగ్గింది. ఒడిశా కౌన్సిల్‌లో నమోదు కావడం కూడా న్యాయమైన దారే. కాని ఎన్ఓసీ తీసుకుని రిజిస్ట్రేషన్ ఒక కౌన్సిల్ నుంచి మరో కౌన్సిల్‌కు కదులుతున్న సమయంలోనే మొదటి కౌన్సిల్ నుంచి నిర్ధారణ కోరితే, అసలే చిక్కుపడ్డ దారంలో మరో ముడి పడుతుందని భయపడ్డాను. చట్టబద్ధంగా పనిచేయడానికి రెన్యువల్‌తో పాటు రాష్ట్రం దాటితే చాలు, రాష్ట్రం ఏటి అవతలే ఉంది. అందుకే రిజిస్ట్రేషన్‌ను కదిలించకుండా మనిషే కదలాలని నిర్ణయించాం. ఒడిశాలో పనిచేసిన కాలాన్ని ఉద్యోగ వివరాల్లో దాచకుండా ఉన్నదున్నట్టు రాసింది. దాని మీద ఒక ప్రశ్న వచ్చింది. నమోదు గురించి తెలియక పనిచేశానని, తెలిసిన నెలలోనే మానేశానని తేదీలతో జవాబిచ్చింది. ఆ జవాబును నేను దిద్దలేదు, ఆమె మాటల్లోనే పంపమన్నాను.

రెండోది, నర్సింగ్ స్కూలు అడ్మిషన్ రిజిస్టరు. నేను ఒకప్పుడు అలాంటి రిజిస్టర్లు స్వయంగా రాసినదాన్ని కాబట్టి, అడ్మిషన్ రోజున విద్యార్థి తెచ్చిన టీసీ నంబరు, మెట్రిక్ సర్టిఫికెట్ నంబరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒకే వరుసలో ఎక్కిస్తారని తెలుసు. మెట్రిక్ పేరు నుంచి నర్సింగ్ పేరుకు మారిన క్షణం ఎక్కడైనా నమోదై ఉంటే అది ఆ వరుసలోనే ఉండాలి. స్కూలు యాజమాన్యం ఈ మధ్యలో మారింది, పాత పుస్తకాలు ఇనుప పెట్టెలో ఉన్నాయి. జ్యోతి రెండు సెలవు రోజులు అక్కడ కూర్చుని, ఆఫీసు గుమాస్తాతో కలిసి 2010 పుస్తకం వెతికింది. వరుస దొరికింది. మెట్రిక్ నంబరు పక్కన గేదెల జ్యోతి అని, తండ్రి రామారావు అని, పుట్టిన తేదీతో సహా ఉంది.

ఆ పేజీ నకలు జతచేసి ప్రిన్సిపాల్ ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌కు ఒక ఉత్తరం రాశారు. దాని భాష గురించి నేను ప్రత్యేకంగా పట్టుబట్టాను. "ఈమె మంచి విద్యార్థిని, ఈ పేర్లన్నీ ఈమెవే" అన్న తరహా మాటలు వద్దని, ఏ పుస్తకంలో ఏ పేజీలో ఏ వరుసలో ఏముందో మాత్రమే రాయమని కోరాను. సిఫారసు ఉత్తరానికి అభిప్రాయాలు సరిపోవచ్చు, పేరు దిద్దే గుమాస్తాకు కావలసింది మాత్రం పేజీ నంబరు. ఆ ఉత్తరం, పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు నకలు, రెన్యువల్ దరఖాస్తు కలిపి జ్యోతి స్వయంగా కౌన్సిల్‌లో ఇచ్చింది. ఆధార్‌తో ముడిపడిన జాతీయ నర్సుల రిజిస్టరులో నమోదు కూడా అప్పుడే చేయించుకుంది. అక్కడ పేరు ఆధార్‌తో కలవాలి కాబట్టి, దిద్దుబాటు తప్పనిసరి అన్న మా వాదనకు అది ఊతమిచ్చింది. జి అన్న అక్షరం గేదెలగా విస్తరించి, వివాహానంతర పేరు పక్కన చేరి, 2024 జనవరిలో కొత్త సర్టిఫికెట్ వచ్చింది. హెచ్ మాత్రం అలాగే ఉంది. పుట్టిన తేదీ, నంబర్లు, భర్త ఇంటిపేరు కలిశాక ఆ ఒక్క అక్షరం ఎవరికీ అడ్డం రాలేదు.

మార్చిలో కౌన్సిల్ నుంచి నేరుగా కొత్త నిర్ధారణ వెళ్లింది. కంప్యూటర్ పరీక్షకు కూడా రెండేళ్ల గడువే గనుక ఈసారి తొందరపడలేదు. కొత్త సర్టిఫికెట్ చేతికి వచ్చిన తరువాతే రాయించాను. అందులో మందుల లెక్కల భాగం పదిహేను ప్రశ్నలు, అరగంట. నర్సింగ్ భాగం వంద ప్రశ్నలు, రెండున్నర గంటలు. జ్యోతి రెండు భాగాలూ ఒకేసారి దాటింది. పోలీసు క్లియరెన్సు, ఆరోగ్య, నడవడి ప్రకటనలతో పాటు ఇంగ్లీషు ఫలితాలు సమర్పించేసరికి ఆ ఫలితాల గడువు ఇంకా తొమ్మిది వారాలే మిగిలింది.

ఆ తరువాతి సంగతులు త్వరగానే చెప్పవచ్చు. అప్పటికే బ్రిటన్ ఆసుపత్రులు విదేశీ నర్సులను తీసుకోవడం బాగా తగ్గించాయి. ఉద్యోగం దొరకడానికి నెలలు పట్టింది. వెళ్లాక పది స్టేషన్ల ప్రాక్టికల్ పరీక్షలో మొదటిసారి రెండింటిలో తప్పింది. రెండూ చేతి నైపుణ్యానివి కావు. చేస్తున్న పనిని పైకి చెబుతూ, రోగి అనుమతి అడుగుతూ చేయలేదు. మన వార్డుల్లో ఒక నర్సు నలభైమందిని చూసుకుంటూ నోరు విప్పకుండా పనిచేయడం అలవాటవుతుంది. నేను ఇక్కడే అద్దం ముందు నిలబెట్టి పైకి చెప్పించి సాధన చేయించి ఉండవలసింది. ఆ రెండూ మళ్లీ రాసి ఉత్తీర్ణురాలైంది. 2025లో అడల్ట్ నర్సింగ్ విభాగంలో ఆమె పేరు రిజిస్టరులో ఎక్కింది.

ఈ కేసు తరువాత నా పద్ధతిలో వచ్చిన మార్పులు

నా దగ్గరకు వచ్చే ప్రతి నర్సుతో ఇప్పుడు ముందుగా రెండు పట్టికలు రాయిస్తున్నాను. ఒకదాంట్లో ప్రతి కాగితం మీది పేరు ఉన్న అక్షరక్రమంలోనే, పక్కన దాన్ని ఇచ్చిన కార్యాలయం, ఆ కార్యాలయం ఏ పుస్తకం చూసి దాన్ని రాసిందో. రెండోదాంట్లో గడువు ఉన్నవన్నీ: ఇంగ్లీషు, కంప్యూటర్ పరీక్ష, రిజిస్ట్రేషన్ రెన్యువల్, పాస్‌పోర్టు, పోలీసు క్లియరెన్సు. గడువు లేనివి ముందు, ఉన్నవి తరువాత చేయిస్తున్నాను. డబ్బు ఖర్చయ్యేది ఏదైనా మొదటి పట్టిక పూర్తయ్యాకే.

మొదటి పట్టికలో కలవని పేర్లన్నిటినీ దిద్దాలని మాత్రం చెప్పడం లేదు. వెళ్లదలచిన దేశం ఏ కాగితాన్ని చూస్తుందో దాన్నే దిద్దిస్తాను. జ్యోతి మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇప్పటికీ జ్యోతి పాత్రో అనే ఉంది. రేపు ఆమె అమెరికా వెళ్లదలిస్తే అప్పుడు ఆ అడ్మిషన్ రిజిస్టరు పేజీ మళ్లీ పనికొస్తుంది, అందుకే దాని ధ్రువీకరించిన నకళ్లు మూడు తీయించి ఉంచాం. ఈ మధ్య గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు నుంచి ఒక తెలుగు నర్సు కాగితాలు వచ్చాయి. అక్కడ మరాఠీ పద్ధతిలో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసగా రాస్తారు, తెలంగాణలో చదివిన నర్సింగ్ కాగితాల్లో తండ్రి పేరు లేదు. రాష్ట్రం వేరైనా వెతకవలసిన చోటు అదే అనిపించి, ముందుగా ఆమె చదివిన స్కూలుకే ఉత్తరం రాయించాను. జవాబు ఇంకా రావలసి ఉంది.

జ్యోతికి వెళ్లేముందు రెండు తేదీలు రాసిచ్చాను. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ మూడేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి, దానికి 450 గంటల పని, 35 గంటల వృత్తి శిక్షణ చూపాలి. ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో రెన్యువల్ 2029 జనవరిలో. అక్కడ నిలదొక్కుకున్నాను కదా అని ఇక్కడిది వదిలేయవద్దని, ఇంకో దేశానికి వెళ్లినా ఇంటికి తిరిగి వచ్చినా మొదట అడిగేది ఇదేనని చెప్పాను. ఆమె ఆ తేదీని ఫోన్‌లోనూ, భర్త డైరీలోనూ రాయించింది.